స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లే ముందు గ్యాప్ ఎంతో అడగండి

ఆస్ట్రేలియాలో మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కార్డు చేతికి రాగానే ఇక వైద్యమంతా ఉచితమే అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. జీపీ (ఫ్యామిలీ డాక్టరు) బల్క్ బిల్లింగ్ చేయడంతో, అంటే ఫీజు నేరుగా మెడికేర్ నుంచే తీసుకోవడంతో, ఒక్క డాలరు కట్టకుండా బయటికొచ్చాం. తర్వాత పాప చెవి నొప్పికి ఈఎన్‌టీ స్పెషలిస్ట్‌ను చూపిస్తే, బిల్లులో సగం కూడా మెడికేర్ నుంచి వెనక్కి రాలేదు. ఆ నెల ఇల్లు గడవడమే టెన్షన్ అయింది.

ప్రతి సేవకూ ప్రభుత్వం ఒక షెడ్యూల్ ఫీజు పెడుతుంది. ఆసుపత్రి బయట స్పెషలిస్ట్‌ను కలిస్తే మనకు వచ్చేది అందులో 85 శాతం. డాక్టరు మాత్రం తనకు నచ్చిన ఫీజు తీసుకోవచ్చు. ఈ రెండింటి మధ్య తేడానే గ్యాప్. క్లినిక్‌లో చూపించుకున్నప్పుడు ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నా ఆ గ్యాప్ మనమే కట్టాలి. 2013 తర్వాత కొన్నేళ్లు షెడ్యూల్ ఫీజులు పెంచలేదు. క్లినిక్‌ల అద్దెలు, జీతాలు ఆగలేదు కదా, ఆ భారం పేషెంట్ల మీద పడింది.

అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రిసెప్షన్‌లో మూడు మాటలు అడగండి: ఫీజు ఎంత, మెడికేర్ ఎంత ఇస్తుంది, గ్యాప్ ఎంత. అడగడంలో నామోషీ ఏమీ లేదు, ఇక్కడివాళ్లూ అడుగుతారు.

హైదరాబాద్‌లోలాగా నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లకండి. రిఫరల్ (డాక్టరు రాసిచ్చే సిఫారసు లెటర్) లేకపోతే వెనక్కి వచ్చే డబ్బు బాగా తగ్గుతుంది. జీపీ ఇచ్చే రిఫరల్ మామూలుగా మొదటిసారి చూపించుకున్న రోజు నుంచి 12 నెలలు, ఒక స్పెషలిస్ట్ ఇంకొకరికి రాసేది 3 నెలలు చెల్లుతుంది. గ్యాప్ భరించలేకపోతే ప్రభుత్వ ఆసుపత్రి ఔట్‌పేషెంట్ క్లినిక్‌కి రాయమని జీపీని అడగండి. డబ్బు కట్టక్కర్లేదు, కానీ అత్యవసరం కాకపోతే నెలల తరబడి ఆగాలి.

స్పెషలిస్టులు ఎక్కువగా సిడ్నీ, మెల్‌బోర్న్‌లాంటి పెద్ద నగరాల్లోనే ఉంటారు. లోపలి ఊళ్లకు ఉద్యోగం మీద వెళ్లేవాళ్లు ప్రయాణ ఖర్చునూ లెక్కలో పెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరైనా ఇండియాలో చదివిన డాక్టరుంటే ఇంకో విషయం. 1997 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, విదేశాల్లో చదివినవాళ్లు మామూలుగా పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేస్తేనే వాళ్ల పేషెంట్లకు మెడికేర్ డబ్బు వస్తుంది. నగరంలో ఇల్లు కొనే ముందే ఇది చూసుకోండి.

భార్యాభర్తలు, పిల్లలు ఉన్నవాళ్లు మెడికేర్ సేఫ్టీ నెట్‌కు కుటుంబంగా నమోదు చేసుకోవాలి. ఒంటరివాళ్లకు అది దానంతటదే ఉంటుంది, కుటుంబాలకు ఉండదు. ఏడాదిలో మీరు కట్టిన గ్యాప్ ఒక హద్దు దాటాక, మిగతా ఏడాదంతా డబ్బు ఎక్కువగా వెనక్కి వస్తుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసాపై వస్తుంటే వాళ్లకు మెడికేర్ వర్తించదు, విమానం ఎక్కకముందే ఇన్సూరెన్స్ తీసుకోండి.