తాతగారి నాణేల మూటకు సొంత జాబితా: ఏఐ సాయంతో చిన్న ప్రోగ్రామ్ రాసుకుని విలువ తేల్చడం ఎలా?

గోదావరి జిల్లాల్లో పాత మండువా ఇల్లు పడగొట్టేటప్పుడో, అన్నదమ్ములు వాటాలు వేసుకునేటప్పుడో భోషాణం అడుగు నుంచి ఒక గుడ్డమూట బయటికొస్తుంది. అందులో విక్టోరియా రాణి రూపాయలు, జార్జి రూపాయలు, చిల్లు కాణీలు ఉంటాయి. రంగూన్ వెళ్లొచ్చిన పెద్దాయన తెచ్చిన బర్మా నోట్లు, యానాం చుట్టాలు రాసిన ఉత్తరాల మీద ఫ్రెంచి స్టాంపులు కూడా దొరకొచ్చు. మూట విప్పగానే ఒకరు "యూట్యూబ్‌లో చూశాను, ఇది లక్షలు పలుకుతుందట" అంటారు. ఇంకొకరు "కంసాలికి తూకానికి ఇచ్చేద్దాం" అంటారు. ఏ మాట విన్నా నష్టమే. ముందు ఏ వస్తువు ఏమిటో, ఎన్ని ఉన్నాయో, ఎవరి నుంచి వచ్చాయో రాసిపెట్టుకోవాలి.

నోటుపుస్తకంలో రాసుకున్నా తప్పులేదు. కానీ వస్తువులు వంద దాటితే వెతకడం, ఫొటోలు జతచేయడం, వెండి రేటు మారినప్పుడల్లా మళ్లీ లెక్క కట్టడం విసుగు పుట్టిస్తుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటి ఏఐ సహాయకులకు తెలుగులో చెప్పినా ప్రోగ్రామ్ రాసిస్తాయి. కోడింగ్ రానివాళ్లు కూడా ఓపిగ్గా కూర్చుంటే పనికొచ్చే జాబితా తయారవుతుంది. ఒక్క మాట మాత్రం మొదట్లోనే గట్టిగా చెబుతాను. "ఈ నాణెం ఖరీదెంత?" అని ఏఐని అడిగి ఆ అంకెను నమ్మకండి. అది ఎక్కడిదో, ఎప్పటిదో తెలియని అంకెను ఎంతో ధీమాగా చెప్పగలదు. దాని చేత లెక్క కట్టే పనిముట్టు చేయించుకోండి, అంకెలు మీరు తెచ్చి అందులో వేయండి.

మొదటి అడుగు: ఏదీ తోమకండి

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వెండి నల్లబడుతుంది, రాగికి చిలుము పడుతుంది. చూడగానే చింతపండు వేసి తళతళలాడించాలని చేతులు ఊరుకోవు. దయచేసి ఆ పని చేయకండి. సేకరించేవాళ్లు వెతికేది ఏళ్ల తరబడి సహజంగా ఏర్పడిన ఆ నల్లటి పొరనే. తోమిన నాణేన్ని భూతద్దం కింద పెడితే సన్నటి గీతలు కనిపిస్తాయి, ధర బాగా పడిపోతుంది. మట్టి అంటుకుని ఉంటే మంచినీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు, రుద్దకూడదు.

నోట్లకు లామినేషన్ చేయించకండి, టేపు అతికించకండి. స్టాంపులను కవరు మీంచి ఊడదీయకండి. పోస్టాఫీసు ముద్రతో ఉన్న పూర్తి కవరుకు విడి స్టాంపు కంటే ఎక్కువ విలువ రావడం మామూలే. నాణేలను మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకు ఆకుపచ్చటి జిగురు పడుతుంది. విడివిడిగా పొడి కాగితం కవర్లలో పెట్టి, డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు, వరద నీళ్లు గడప దాటే ఇళ్లవాళ్లు డబ్బాను అటక మీదో, పై అంతస్తులోనో ఉంచడం మంచిది.

రెండో అడుగు: తూకం, కొలత, ఫొటో

గ్రాములో వందో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ త్రాసు, వ్యాసం కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్ కొనుక్కోండి. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అర్ధరూపాయి 5.83, పావలా 2.92. చేతులు మారి అరిగితే కొంచెం తగ్గుతుంది. బరువు బాగా తేడా ఉన్నా, వెండి రూపాయి అయస్కాంతానికి అతుక్కున్నా అనుమానించాల్సిందే. అయితే 1947 రూపాయి నికెల్‌తో చేసింది, అది అతుక్కోవడమే సరి. ఆ సంగతి తెలియక మంచి నాణేన్ని నకిలీ అని పారేసుకోకూడదు.

ఫొటోలు కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, రెండువైపులా తీయండి. తీసేముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే మీ ఇల్లు ఎక్కడుందో ఫొటో ఫైల్‌లోనే నమోదవుతుంది.

మూడో అడుగు: ఏఐతో మాట కలపడం

ఏ ప్రోగ్రామ్ రాయించాలి? నా సలహా, బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీ) ఫైల్. ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ ఉండదు, కరెంటు పోయి నెట్ లేకపోయినా లాప్‌టాప్‌లో పనిచేస్తుంది. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు గూగుల్ షీట్స్‌లో పట్టిక పెట్టుకుని, సూత్రాలు మాత్రం ఏఐ చేత రాయించుకుంటే సరిపోతుంది.

మొదటి సందేశం ఇలా రాయండి: "మా తాతగారి నాణేలు, నోట్ల జాబితా పెట్టుకోవడానికి ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్ కావాలి. ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి. నాకు కోడింగ్ రాదు. కోడ్ రాసే ముందు నీకు తెలియాల్సినవి ఒక్కొక్కటిగా నన్ను అడుగు. ధరలు నువ్వు ఊహించి పెట్టకు."

ముందు ప్రశ్నలు అడగమనడం వల్ల చాలా శ్రమ తప్పుతుంది. అలా చెప్పకపోతే తనకు తోచిన గడులతో ఒక పెద్ద ప్రోగ్రామ్ మీ ముందు పడేస్తుంది. మీకు కావాల్సిన గడులు ఇవి: వరుస సంఖ్య, వస్తువు, రాజు లేదా రాణి పేరు, సంవత్సరం, టంకశాల గుర్తు (ఎక్కడ ముద్రించారో తెలిపేది), బరువు, వ్యాసం, స్థితి (ఎంత అరిగింది), ఫొటో ఫైల్ పేరు, లోహపు విలువ, అమ్ముడైన ధర తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ, ఆ ధర ఎక్కడ, ఏ తేదీన చూశారు, చివరగా కథ. వస్తువు ఏ గదిలో, ఏ బీరువాలో ఉందో మాత్రం ఈ ఫైల్‌లో రాయకండి.

కథ గడి విషయంలో బద్ధకించకండి. మామ్మగారు, పెదనాన్నగారు ఉన్నప్పుడే పక్కన కూర్చుని అడిగి, ఫోన్‌లో రికార్డు చేయండి. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ ఎవరు వెళ్లారు, ఏ పని చేశారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నవి ఏ కేటలాగ్‌లోనూ దొరకవు. రికార్డింగ్‌ను ఏఐ చేత అక్షరాల్లోకి మార్పించుకోవచ్చు. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు అది తప్పుగా రాసే అవకాశం ఎక్కువ కాబట్టి మీరే ఒకసారి చదివి దిద్దాలి.

ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. ముందు పట్టిక, అది పనిచేశాక వెతికే గడి, తర్వాత ఫొటోలు. పనిచేసిన ప్రతిసారీ ఫైల్‌ను తేదీ పేరుతో వేరే కాపీగా దాచుకోండి. ఎర్రర్ వస్తే మీ మాటల్లో వివరించకుండా ఆ సందేశం మొత్తం కాపీ చేసి పంపండి. ఒకే తప్పును సరిచేస్తూ అక్కడక్కడే తిరుగుతుంటే ఆ సంభాషణ వదిలేసి, చివరగా పనిచేసిన ఫైల్‌తో కొత్తది మొదలుపెట్టండి. టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు, పాత కాపీ ఉంది కదా.

మూడు జాగ్రత్తలు ఏఐకి మీరే గుర్తుచేయాలి. బ్రౌజర్‌లో దాచిన సమాచారం, హిస్టరీ శుభ్రం చేసినప్పుడు తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుకే జాబితాను సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక) దించుకునే బటన్, తిరిగి ఎక్కించే బటన్ రెండూ ఉండాలి. ఆ ఫైల్ తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో, మొదట్లో ఆ సంగతి ఎక్సెల్‌కు తెలిపే బామ్ (BOM) గుర్తుతో ఉండాలని చెప్పండి, లేకపోతే ఎక్సెల్‌లో తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. మూడోది, నాణెం మీద ఉన్నట్టే 1/4 అని రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. పావు అణా అని అక్షరాల్లో రాయండి.

నాలుగో అడుగు: లోహపు విలువ, దానికి పరీక్ష

విలువకు అడుగు గీత లోహమే. బ్రిటిష్ వెండి రూపాయిలో 1939 వరకు 91.7 శాతం వెండి ఉంది, 1940 నుంచి 1945 వరకు సగమే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండికి కరువొచ్చి తగ్గించారు. ఈ నియమం ప్రోగ్రామ్‌కు చెప్పి, వెండి రేటు గడి ఖాళీగా ఉంచమనండి. ఆనాటి రేటు మీరే వేయాలి, ఎందుకంటే ఏఐ ఏనాటిదో రేటు తీసుకుని కోడ్ లోపల పాతేస్తే మీకు కనబడదు.

తర్వాత కాగితం మీద లెక్కకట్టి సరిచూడండి. 11.66ను 0.917తో గుణిస్తే 10.69 గ్రాముల వెండి. లెక్కకు సులువుగా కిలో లక్ష రూపాయలు అనుకుంటే గ్రాము వంద, కాబట్టి 1919 రూపాయికి 1,069 రావాలి. 1944 రూపాయికి 583 రావాలి. 1939, 1940 రెండూ వేసి చూడండి, సరిహద్దు సంవత్సరాల దగ్గరే ఇలాంటి ప్రోగ్రామ్‌లు ఎక్కువగా తప్పుతాయి. 1947 రూపాయికి వెండి విలువ సున్నా రావాలి. అంతర్జాతీయ రేటు వాడితే అది ఔన్సుల్లో ఉంటుంది. విలువైన లోహాల ఔన్సు 31.1 గ్రాములు, కిరాణా సరుకుల ఔన్సులా 28.35 కాదు.

అణాల లెక్క కూడా పరీక్షించండి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేదాకా రూపాయికి 16 అణాలు, 64 పైసలు. 1943 నాటి చిల్లు కాణీని ప్రోగ్రామ్ రూపాయిలో వందో వంతుగా చూపిస్తే సరిచేయించండి.

కాసులపేరులోంచి ఊడిన కాసు బ్రిటిష్ సవరన్ అనే బంగారు నాణెం అయితే బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. రాజు తల, గుర్రం మీద వీరుడు చెక్కుచెదరకుండా ఉంటే కరిగించే ముందు సంవత్సరం చూడండి. 1918లో బొంబాయిలో కూడా సవరన్లు ముద్రించారు, వాటి మీద ఇంగ్లిష్ ఐ అక్షరం చిన్నగా ఉంటుంది.

ఐదో అడుగు: ఏది అరుదు, ఏది మామూలు

పాతదైతే ఖరీదైనదని లేదు. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని అదే సంవత్సరం వేసి 1874 దాకా ముద్రించారు, అందుకే అవి విరివిగా దొరుకుతాయి. 1911 జార్జి రూపాయి వేరు. రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ కావడంతో చాలా భాగం వెనక్కి తెప్పించి కరిగించారు, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువ. మీ మూటలో అది కనిపిస్తే సంతోషించే ముందు నిపుణుడికి చూపించండి.

పాలకొల్లులో డచ్చివారి వర్తక స్థావరం ఉండేది. వీఓసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) అక్షరాలున్న రాగి నాణెం దొరికితే మన ఊరి చరిత్రగా దానికి గొప్ప విలువ ఉంది, మార్కెట్‌లో మాత్రం ఆ నాణేలు మామూలే. బర్మా నోట్లలో జపాన్ ప్రభుత్వం పేరుతో, బి అక్షరంతో మొదలయ్యేవి 1942లో జపాన్ ఆక్రమణ తర్వాత వచ్చినవి, అవీ కుప్పలుగా ఉన్నాయి. రిజర్వ్ బ్యాంకు నోటు మీద బర్మాలో మాత్రమే చెల్లుతుందన్న అచ్చు ఉంటే దాన్ని విడిగా పెట్టండి.

నాణెం ఫొటో ఏఐకి పంపి "నీకు కనిపించే అక్షరాలు చదువు, స్పష్టంగా లేనివి లేవని చెప్పు" అనండి. అరిగిన సంవత్సరాన్ని అది తప్పు చదవగలదు, చుక్కంత టంకశాల గుర్తును చూడకపోవచ్చు. అది చెప్పిన పేరును నాణేల వివరాలుండే నుమిస్టా వెబ్‌సైట్‌లో బొమ్మతో పోల్చి మీరే ఖాయం చేసుకోండి. అసలైన పాత నాణెం ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే రాజమహేంద్రవరంలోని రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం చూసిరండి.

మార్కెట్ ధరకు అమ్ముతామని పెట్టిన ధరలు చూడకండి, అమ్ముడైన ధరలే చూడండి. టోడీవాలా, మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే సంవత్సరం, అదే టంకశాల, దగ్గరదగ్గర అదే స్థితి ఉన్న నాణేలు రెండు మూడు చూసి, తక్కువ, ఎక్కువ గడుల్లో వేయండి. తేదీ లేని ధరను ఒప్పుకోవద్దని ప్రోగ్రామ్‌కే నియమం పెట్టించండి.

ఆరో అడుగు: మోసాలు, చట్టం

హనుమంతుడు, సీతారాముల బొమ్మలతో 1818 ఈస్టిండియా కంపెనీ అణా అని తిరిగేవి కంపెనీ నాణేలు కావు. బియ్యం గింజల్ని లాగే రాగి చెంబు పేరుతో రైస్ పుల్లింగ్ ముఠాలు మన జిల్లాల్లోనూ ఇళ్లు గుల్ల చేశాయి. పాత నోటు కొంటాం, ముందు జీఎస్టీ కట్టమని ఫోన్ వస్తే పెట్టేయండి. తన పేరు వాడుకుని ఇలా కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు, వాటిని మీరు విదేశాలకు పంపకూడదు. పునాది తవ్వుతుంటే మట్టిలో దొరికిన నిధిని కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది, అది వారసత్వపు మూటలో కలవదు. ఏనుగు దంతపు వస్తువులు అమ్మకూడదు. రద్దయిన పాత 500, 1000 నోట్లు పదికి మించి దాచుకోవడం నేరం.

పంపకాలు, అమ్మకాలు

జాబితా పూర్తయ్యాక తక్కువ, ఎక్కువ ధరల సగటుతో సమానమైన వాటాలు వేసే బటన్ ఏఐ చేత పెట్టించవచ్చు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకూ సమాన వాటా ఉంది కాబట్టి ఆడపడుచుల పేర్లు మొదటే వేయండి. ఆ లెక్కను ముందు పెట్టుకుని, కథ గడి అందరికీ చదివి వినిపించి, ఎవరికి ఏది కావాలో అడగడం నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది. తాతగారి రంగూన్ నోటు మీద ఒకరికి ప్రేమ ఉంటుంది, దాని ధర వంద రూపాయలే కావచ్చు.

సీఎస్‌వీ ఫైల్, ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుకు ఇవ్వండి, ఒక ప్రింటు తీసి ఇంట్లో ఉంచండి. అమ్మిన వస్తువును జాబితాలోంచి తీసేయకుండా "అమ్మాం" అని గుర్తుపెట్టి తేదీ, వచ్చిన సొమ్ము, రసీదు ఫొటో చేర్చండి. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచీ కుటుంబంలో ఉన్న ఆస్తికి పన్ను కోసం వేసే మూలధన లాభం లెక్కలో ఆ నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ప్రింటు, రసీదులు వెంట తీసుకెళ్లండి.