పాత అప్పు కోసం రికవరీ ఏజెంట్లు వెంటపడితే ఏం చేయాలి

మన ఊళ్లలో ప్రోనోటు మీద అప్పిచ్చినవారు మూడేళ్లు నిండకముందే బాకీదారు ఇంటికి వెళ్లి, ఎంతో కొంత జమ చేయించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటారు, లేదా నోటునే తిరగరాయించుకుంటారు. అలా చేయకపోతే నోటుకు కాలదోషం పడుతుందనీ, ఆ తర్వాత దావా వేసినా నిలవదనీ వారికి తెలుసు. ఏడెనిమిదేళ్ల కిందటి క్రెడిట్ కార్డు బాకీ కోసమో, పర్సనల్ లోన్ కోసమో ఇవాళ ఫోన్ చేసి గద్దించే ఏజెంటుకూ ఈ సంగతి తెలియకపోదు. తెలియనిది చాలాసార్లు ఫోన్ ఎత్తినవారికే.

అందువల్ల మొదటి కాల్‌లో దేనినీ ఒప్పుకోవద్దు, అబద్ధమాడి కాదనవద్దు. ఏ సంస్థ తరఫున మాట్లాడుతున్నారు, లోన్ ఖాతా నంబరు ఏమిటి, చివరి చెల్లింపు ఏ తేదీన జరిగింది అని అడిగి, ఆ వివరాలను రాతపూర్వకంగా పంపమని చెప్పి ఫోన్ పెట్టేయండి. సాధారణంగా అవతలి నుంచి వచ్చే మాట ఇలా ఉంటుంది: “అదంతా తర్వాత సార్, ముందు సాయంత్రంలోగా 5,000 వేయండి, ఫైలు క్లోజ్ చేయిస్తాను.” జాగ్రత్త పడవలసింది సరిగ్గా ఇక్కడే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, హామీగా ఏ ఆస్తీ పెట్టని అప్పుకు దావా గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు లోపల మీరు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టి అందుకు రాతపూర్వక ఆధారం మిగిల్చినా, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు దాటాక కొంత కట్టినంత మాత్రాన పాత గడువు తిరిగి రాదు గానీ, “బాకీ చెల్లిస్తాను” అని సంతకం చేసి ఇస్తే కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాటకు మీరు కట్టుబడవలసి వస్తుంది. సెటిల్‌మెంట్ ఫారం పేరుతో వాట్సాప్‌లో వచ్చే కాగితాన్ని చదవకుండా సంతకం చేయకూడదనేది ఇందుకే.

తేదీ తేల్చుకోవడానికి ఏజెంటు మాట మీద ఆధారపడనక్కరలేదు. మన అప్పులు, చెల్లింపుల లెక్క ఉంచే సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. చివరి చెల్లింపు తేదీ కోసం ముందు అందులో చూసి, మీ బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చుకోండి. అయితే కాలదోషం పట్టిందంటే అప్పు మాసిపోయిందని అర్థం కాదు, దావాకే అడ్డు. రిపోర్టులో మచ్చ ఉండవచ్చు, కుదువపెట్టిన బంగారం మీద సంస్థకు హక్కు ఉంటుంది, తనఖా పెట్టిన ఇంటి విషయంలో దావా గడువు 12 ఏళ్లు. ఇప్పటికే కోర్టు డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న తీర్పు, వచ్చి ఉంటే దాని అమలుకూ 12 ఏళ్ల గడువు ఉంటుంది.

ఇక ఏజెంట్ల ప్రవర్తన సంగతి. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, బెదిరించకూడదని, నలుగురిలో అవమానించకూడదని, కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న స్పష్టం చేసింది. మైక్రోఫైనాన్స్ గ్రూపు లోన్లకైతే వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. “మీ వియ్యంకులకు చెబుతాం” అనడం, ఆఫీసుకు వచ్చి కేకలు వేయడం ఈ నిబంధనలకు విరుద్ధం. ఇంటికి వస్తే గుమ్మం బయటే నిలబెట్టి, గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపమనండి. అవి లేకపోతే మాట్లాడనక్కరలేదు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు కాబట్టి “పోలీసులు బయల్దేరారు” అన్న మాటకు బెదరవద్దు. మీరిచ్చిన చెక్కు బౌన్సయి ఉంటే మాత్రం అది వేరే సంగతి. అందుకు సంబంధించిన నోటీసును తేలిగ్గా తీసుకోవద్దు.

కాల్స్ రికార్డు చేసి, తేదీలు, నంబర్లు రాసుకుని, సంస్థలోని ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. ఇంత రాస్తే సరిపోతుంది: “మీ తరఫున అంటూ ఫలానా తేదీల్లో ఫలానా నంబర్ల నుంచి బెదిరింపు కాల్స్ వచ్చాయి. ఖాతా వివరాలు, చివరి చెల్లింపు తేదీ, ఏజెన్సీకి మీరిచ్చిన అధికార పత్రం పంపగలరు. ఈ లేఖ ఏ బాకీనీ అంగీకరించినట్లు కాదు.” ఆ చివరి వాక్యాన్ని మరిచిపోవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తికరంగా లేకపోయినా, ఆలస్యం చేయకుండా, ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరులో వివరాలు చెబుతారు. చంపుతామనో, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపుతామనో బెదిరిస్తే 30 రోజులు ఆగకుండా పోలీసు స్టేషన్‌కు వెళ్లండి. లోన్ యాప్‌ల వేధింపులకు సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ఉంది.

దావాకు ముందు దశలో లోక్ అదాలత్ నుంచి వచ్చే నోటీసు రాజీకి పిలుపు మాత్రమే. వెళ్లినా రాజీపడి తీరాలని లేదు, కానీ అక్కడ సంతకం చేసిన రాజీకి డిక్రీ విలువ ఉంటుంది. సివిల్ కోర్టు సమన్లు అలా కాదు. బాకీకి కాలదోషం పట్టిందన్న ధీమాతో ఇంట్లో కూర్చుంటే మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయ్యే ప్రమాదం ఉంది. లాయరు ఫీజు భారమైతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. చనిపోయిన తండ్రి అప్పు కొడుకో కూతురో కట్టాలని ఏజెంటు పట్టుబడితే, వారసత్వంగా వచ్చిన ఆస్తి విలువ మేరకే ఆ బాధ్యత అని చెప్పండి. మీరు హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం ఈ మాట చెల్లదు.

ఇవన్నీ చూసుకున్నాక కట్టేద్దామని మీకే అనిపిస్తే, అది మంచి నిర్ణయమే కావచ్చు. బేరం సంస్థతోనే ఆడి, ఎంత కడితే పూర్తిగా తీరినట్లో సంస్థ లెటర్‌హెడ్ మీద తెప్పించుకుని, డబ్బు లోన్ ఖాతాకే పంపండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వద్దు. తగ్గించిన మొత్తానికి ఒప్పుకుంటే క్రెడిట్ రిపోర్టులో “సెటిల్డ్” అని పడుతుంది, మొత్తం కడితే “క్లోజ్డ్” అని పడుతుంది. రేపు ఇంటి లోన్ అడిగేటప్పుడు ఈ తేడా తెలిసివస్తుంది. ఇక బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలలయ్యాక రిపోర్టు మరోసారి తెరిచి చూడండి.