బోస్టన్‌కి జాజ్ నేర్చుకోడానికి వస్తున్న పిల్లలూ, మీ కీ తెలుసుకుని రండి

ఈసారి కూడా వేసవిలో బెర్క్లీ సంగీత కళాశాల ఐదు వారాల ప్రోగ్రామ్‌కీ, ఆ చుట్టుపక్కల చిన్నా చితకా వర్క్‌షాపులకీ మనవాళ్లు కొంతమంది వస్తున్నారట. సంతోషం. వీసా, ఫీజు, ఇన్సూరెన్స్ సంగతులు నన్ను అడక్కండి, అవన్నీ వాళ్లు పంపిన మెయిల్లోనే ఉంటాయి, ఒకసారి ఓపిగ్గా చదివితే చాలు. వీలైతే రెండు మూడు రోజులు ముందే దిగండి. మనకీ వీళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా, నిద్రమొహంతో ప్లేస్‌మెంట్ ఆడిషన్‌కి వెళ్తే మీకు వచ్చినదాంట్లో సగం కూడా బయటికి రాదు, మిమ్మల్ని ఏ గ్రూపులో వెయ్యాలో వాళ్లు చూసేది అక్కడే.

ఇక అసలు విషయం. ముఖ్యంగా పాడేవాళ్లు వినండి.

పోయిన వేసవిలో ఒక వర్క్‌షాపులో గోదావరి జిల్లా అమ్మాయి ఒకతె కనిపించింది. కర్ణాటక సంగీతం చిన్నప్పట్నుంచీ నేర్చుకుంది, మంచి గొంతు. పియానో కుర్రాడు "ఏ కీ?" అని అడిగాడు, అంటే ఏ స్వరాన్ని 'స'గా పెట్టుకుని పాడతావని. "ఐదున్నర" అంది పాపం, అలవాటు కొద్దీ మన శ్రుతి లెక్కలో. వాడు బిక్కమొహం వేస్తే అదే శ్రుతిని వీళ్ల పేరుతో "జి షార్ప్" అని సర్దుకుంది. షార్పు అంటే స్వరాన్ని అర మెట్టు పైకి జరిపే గుర్తు, ఫ్లాట్ అంటే కిందికి జరిపేది. జి షార్ప్ మేజర్, అంటే ఆ శ్రుతిలో మన శంకరాభరణం, రాయాలంటే ఎనిమిది షార్పులు కావాలి, ఒకటి డబుల్ షార్పు, అందుకే ఎవరూ రాయరు, ఇక్కడ దాన్ని ఎ ఫ్లాట్ అంటారు. సరే, ఎలాగో పాట మొదలుపెట్టారు. ఇంకేముంది, పాట అంతా ఆ అమ్మాయి తారస్థాయి (పై స్థాయి) పంచమం చుట్టూ తిరుగుతోంది. ఒక స్థాయి దించి పాడితే కింది మాటలు ఎవరికీ వినపడవు. మూడో లైన్లో ఆపేసి, నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు.

తప్పు ఆ పిల్లది కాదు, ముందు ఎవరో ఒకరు చెప్పాల్సింది. మనకి శ్రుతి అంటే మనిషికి ఒకటి. ఐదున్నర అంటే వర్ణమైనా తిల్లానా అయినా ఐదున్నరే. జాజ్‌లో అలా కుదరదు. ఒక పాట షడ్జమం నుంచి షడ్జమం దాకా తిరుగుతుంది, ఇంకోటి కింది పంచమం నుంచి పై పంచమం దాకా. రెండూ ఒకే కీలో పెడితే రెండింట్లో ఒకటి పాడవుతుంది. మనకీ ఇది కొత్తేం కాదు కదా, పున్నాగవరాళి, నవరోజు రాగాలు పాడేటప్పుడు 'మ'నే 'స' చేసుకుని మధ్యమ శ్రుతికి మారం? ఆ పనే ఇక్కడ ప్రతి పాటకీ చెయ్యాలి.

కాబట్టి ఇంటి దగ్గరే చెయ్యండి. ఒక ఐదు పాటలు తీసుకోండి. ప్రతి పాటలో అన్నిటికంటే కింది స్వరం ఏది, పై స్వరం ఏది చూడండి, కీబోర్డు మీద ఒక్కో మెట్టూ జరుపుతూ, మాట్లాడినట్టు హాయిగా పాడగలిగే చోట ఆగండి. కచేరీ గొంతు కాదు, మాట్లాడే గొంతు. పుస్తకాల్లో ఉండే కీ చాలామటుకు వాయించేవాళ్లకి వీలైనది. "ఆటమ్ లీవ్స్" అనే పాట కొన్ని పుస్తకాల్లో జి మైనర్‌లో ఉంటుంది, కొన్నింట్లో ఇ మైనర్‌లో ఉంటుంది, రెండూ మీకు పనికిరాకపోవచ్చు. అమ్మాయిలు చాలాసార్లు ఓ నాలుగు స్వరాలు కిందికి దించుకోవాల్సి వస్తుంది. దొరికిన కీని పాట పేరు పక్కన కాగితం మీద రాసుకోండి. రాసుకోమంటే అందరూ "గుర్తుంటుంది అన్నయ్యా" అంటారు. ఉండదు. స్టేజి మీద నలుగురూ మీ వైపే చూస్తుంటే మీ పేరు కూడా గుర్తుండదు.

ఇంకోటి, అక్కడ గోలలో నోటితో చెబితే వినపడదు, వేళ్లతో చూపిస్తారు. వేళ్లు కిందికి చూపితే ఆ కీలో అన్ని ఫ్లాట్లు, పైకి చూపితే అన్ని షార్పులు. ఎ ఫ్లాట్ అంటే నాలుగు వేళ్లు కిందికి. తల మీద తట్టుకుంటే మళ్లీ పాట మొదటికి రమ్మని, తలనొప్పి అని కాదు. వేగం మీరే చెప్పాలి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి మరీ ఇవ్వాలి, చప్పట్లు ప్రతి నాలుగు లెక్కల్లో రెండు, నాలుగు మీద పడాలి.

సోలోల దగ్గర, అంటే ఒక్కొక్కరూ వంతులవారీగా సొంతంగా వాయించే చోట, పాటలో ఎక్కడున్నామో తెలియకపోవడం ఇంకో నరకం. నేను వయొలిన్ పట్టుకుని వచ్చిన కొత్తలో, సాక్సోఫోన్ వాయించేవాడు వాయిస్తూ పోతుంటే, ఎప్పుడు ముగిస్తాడో, నా వంతు ఎప్పుడో అర్థంకాక చేతులు చల్లబడిపోయేవి. మధ్యాహ్నం భోజనం దగ్గర ఎవరితో కూర్చోవాలో కూడా తెలిసేది కాదు, ప్లేటు పట్టుకుని ప్రాక్టీస్ రూమ్‌కి పోయేవాణ్ణి. తర్వాత తర్వాత వెలిగింది. బార్ అంటే నాలుగు లెక్కల ముక్క, ముప్పై రెండు బార్ల పాట అంటే ఎనిమిదేసి లెక్కల ఆది తాళ ఆవర్తనాలు పదహారే. తొడ మీద తాళం వేసుకుంటూ లెక్కపెట్టండి, ఎవరూ ఏమనుకోరు.

స్వరాలు పాడమని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. మొదటి రోజు పాడండి, చప్పట్లు మోగిపోతాయి. కానీ రోజూ దాని వెనకే దాక్కోవద్దు, నాకది చిరాకు. కింద కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) మారుతుంటే మీరు ఒకే రాగం పట్టుకుని వేలాడితే రెండో లైన్లోనే ఎక్కడో తగులుతుంది. మొదలుపెట్టడానికి 1959లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డు చేసిన "సో వాట్" మనకి అనువైనది. పదహారు బార్లు డి 'స'గా ఖరహరప్రియ రాగం, ఎనిమిది బార్లు ఇ ఫ్లాట్ మీద అదే ఖరహరప్రియ, మళ్లీ ఎనిమిది బార్లు డి. శ్రుతి పెట్టె మధ్యలో అర శ్రుతి పైకి జరిగి మళ్లీ దిగినట్టు. ఆ ఎనిమిది బార్లలో తడబడకుండా నిలబడగలిగితే సగం ప్రోగ్రామ్ అయిపోయినట్టే.

మిగతావి చకచకా చెప్పేస్తాను. జూలైలో బయట ఉక్కపోత, లోపల ఏసీ చలి, శాలువా లాంటిది ఒకటి సంచీలో ఉంచుకోండి, గొంతు పట్టేస్తే ఐదు వారాలూ గోవిందా. రాత్రి అందరూ కూడి అప్పటికప్పుడు వాయించే జామ్‌లకి వెళ్లాలని అందరికీ ఉబలాటం, మసాచుసెట్స్ ఎవెన్యూలో 1947 నుంచి నడుస్తున్న వాలీస్ అనే జాజ్ క్లబ్ పేరు వినే ఉంటారు. మందు అమ్మే బార్లలో చాలాచోట్ల ఇరవై ఒక్క ఏళ్లు నిండకపోతే లోపలికి రానివ్వరు, గుమ్మం దగ్గర బతిమాలొద్దు, మన పరువు పోతుంది. క్యాంపస్‌లో పిల్లలే పెట్టుకునే జామ్‌లు బోలెడు, అక్కడికి వెళ్లండి.

ఇంత టెన్షన్ పెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, చెప్పకపోతే మీ అమ్మానాన్నలు నన్ను తిట్టుకుంటారు. మీ చెవి మంచిది. ఒకసారి విన్నది పట్టుకుని తిరిగి పాడటం ఇక్కడ చాలామంది పిల్లలకి రాదు, మీకు చిన్నప్పట్నుంచీ అదే పని. అప్పటికప్పుడు అల్లి కల్పనస్వరాలు వేసిన వాళ్లకి ఎదుటివాడు వదిలిన చోటే అందుకోవడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మొదటి వారం ఏడుపొస్తుంది, రెండో వారం కోపమొస్తుంది, ఆ తర్వాత మీ వెనక డ్రమ్స్ వాయించే కుర్రాడే "రేపు కూడా నువ్వే పాడతావా" అని అడుగుతాడు. చెప్పానుగా ఆ అమ్మాయి గురించి, ఆఖరి రోజు కచేరీలో ఆ పాటే పాడింది, తన కీలో, బాగానే పాడింది.

ఆ ఐదు పాటల కాగితాన్ని ఫొటో తీసి ఫోన్లో కూడా పెట్టుకోండి. కాగితం ఎలాగూ పారేసుకుంటారు.