రియల్ టైమ్ పీసీఆర్ ఎలా చేయాలి?

పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో మనకు కావలసిన ముక్కను పదే పదే కాపీ చేసి పెంచే పద్ధతి. మామూలు పీసీఆర్‌లో డీఎన్‌ఏ కాపీలు తయారయ్యాయా లేదా అన్నది అంతా అయ్యాక జెల్ మీద చూస్తాం. రియల్ టైమ్ పీసీఆర్‌లో అవి పెరుగుతుండగానే యంత్రం కొలుస్తుంది. నమూనాలో వైరస్ ఎంత ఉంది, మందు వేశాక ఫలానా జన్యువు పని తగ్గిందా లాంటి ప్రశ్నలకు ల్యాబుల్లో దీన్నే వాడతారు. ఆ రెండో ప్రశ్ననే తీసుకుందాం.

జన్యువు పనిచేస్తున్నప్పుడు దాని నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది, మనం కొలిచేది దాన్నే. అందుకే ముందు కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలి. దాన్ని ముక్కలు చేసే ఎంజైములు మన చర్మం మీదే ఉంటాయి కాబట్టి గ్లోవ్స్ తప్పనిసరి. అది 260, 280 నానోమీటర్ల కాంతిని ఎంతెంత పీల్చుకుందో చెప్పే 260/280 నిష్పత్తి 2.0 దగ్గరుంటే ప్రొటీన్ పెద్దగా కలవలేదన్నమాట. మిగిలిన డీఎన్‌ఏను డీఎన్‌ఏజ్ అనే ఎంజైముతో తీసేసి, రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైముతో ఆర్‌ఎన్‌ఏను సీడీఎన్‌ఏగా, అంటే దాని డీఎన్‌ఏ నకలుగా మార్చండి.

ప్రైమర్లు, అంటే ఏ ముక్కను కాపీ చేయాలో చూపే చిన్న డీఎన్‌ఏ తునకలు, 70 నుంచి 150 బేస్ జతల ముక్కను పెంచేలా ఉంటే మంచిది.

ఇప్పుడు ప్లేటు. మాస్టర్ మిక్స్ అనే సిద్ధ మిశ్రమంలో డీఎన్‌ఏను కాపీ చేసే పాలిమరేజ్ ఎంజైము, న్యూక్లియోటైడ్లు, సైబర్ గ్రీన్ రంగు ఉంటాయి. ఈ రంగు జంట పోగుల డీఎన్‌ఏకు అంటుకున్నప్పుడే బాగా వెలుగుతుంది. ఒక్కో నమూనాను మూడేసి వెల్స్‌లో, అంటే ప్లేటులోని చిన్న గుంతల్లో వేయండి. పైపెట్ దగ్గర మాత్రం తొందర వద్దు. వేయాల్సిన 2 మైక్రోలీటర్లలో సగం టిప్ చివరే వేలాడితే ఫలితం ఒక సైకిల్ ఆలస్యంగా కనిపిస్తుంది. సీడీఎన్‌ఏ బదులు నీళ్లు వేసిన వెల్ కూడా తప్పకుండా ఉండాలి. అందులో సిగ్నల్ వచ్చిందంటే ఎక్కడో ఏదో కలిసిందనో, ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్నాయనో అర్థం.

95 డిగ్రీల దగ్గర పోగులు విడిపోతాయి, 60 దగ్గర ప్రైమర్ అంటుకుని కొత్త పోగు తయారవుతుంది. ఇది ఒక సైకిల్, ప్రతి సైకిల్‌కూ డీఎన్‌ఏ దాదాపు రెట్టింపవుతుంది. ఇలా 40 సార్లు. వెలుగు ఒక నిర్ణీత గీతను దాటిన సైకిలే సీటీ విలువ. మొదట్లో డీఎన్‌ఏ ఎంత ఎక్కువుంటే సీటీ అంత తక్కువ. పది రెట్ల తేడాకు దాదాపు 3.3 సైకిళ్లు.

చివర్లో మెల్ట్ కర్వ్, అంటే వేడి పెంచుతూ పోగులు ఏ ఉష్ణోగ్రత దగ్గర విడిపోతాయో చూపే గ్రాఫ్ చూడండి. ఒక్కటే శిఖరం కనిపిస్తే మామూలుగా ఒకే ముక్క పెరిగినట్టు.

ఇక లెక్క. మన జన్యువు సీటీ మందు లేని కణాల్లో 24, మందు వేసిన వాటిలో 26 అనుకుందాం. పోలికకు తీసుకున్న, మందుకు మారదనుకున్న జీఏపీడీహెచ్ అనే మరో జన్యువు సీటీ రెండింట్లోనూ 18. అంటే తేడా 6 నుంచి 8కి పెరిగింది. రెండు సైకిళ్లు కాబట్టి జన్యువు పని నాలుగో వంతుకు పడిపోయింది. అయితే ఆ మందు జీఏపీడీహెచ్‌నే మార్చేస్తే ఈ లెక్కంతా తప్పుతుంది. అందుకే పోలికకు ఒక్క జన్యువుతో సరిపెట్టకుండా, మందుకు మారవని ముందే పరీక్షించిన రెండు మూడింటిని పెట్టుకోండి.