సినిమాలో బ్యాండు ఎంత నిజం: చూసి పట్టుకునే తీరు, మనమే తీసేటప్పుడు చేయాల్సిన పని

తెర మీదికి బ్యాండు రాగానే శబ్దం పూర్తిగా తగ్గించి ఆ సన్నివేశం ఒకసారి చూడండి. పాట వినబడుతున్నంతసేపూ చెవి మన కంటిని నమ్మిస్తుంది. చప్పుడు తీసేస్తే వాయించేవాళ్లెవరో, వాయిద్యం పట్టుకుని నిలబడినవాళ్లెవరో విడిగా తెలిసిపోతారు. సినిమా చూసి ‘ఇది నిజమేనా’ అని అడిగేవాళ్లకూ, కర్నూలు, కడప, అనంతపురం వైపు ఫోనుతోనో చిన్న కెమెరాతోనో పెండ్లి మెరవణి తీయాలనుకునే కుర్రాళ్లకూ కలిపి ఇది రాస్తున్నాం.

కోట్లు, జరీ పట్టీలు, టోపీలు సినిమాలు బాగానే చూపిస్తాయి. తప్పు జరిగేది ఊపిరి దగ్గర, పెదవి దగ్గర, కాలి దగ్గర.

నోరు, వేళ్లు

మొదట ఊపిరి చూడండి. పాట ఎత్తుకునే ముందు ఊదేవాళ్లందరూ ఒక్కసారిగా గాలి పీలుస్తారు. పెదవుల మూలలు తెరుచుకుంటాయి, పొట్ట ముందుకొస్తుంది. నటులు ఇది మర్చిపోతారు, మౌత్‌పీస్ పెదవికి ఆనించి తలాడిస్తూ పోతారు. ఊపిరి తీసుకోని ట్రంపెట్ కనబడితే అక్కడ సంగీతం లేదనే లెక్క. బుగ్గలు ఉబ్బడాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. ఉబ్బించకూడదని నేర్పుతారు గానీ, ఉబ్బించి బ్రహ్మాండంగా వాయించేవాళ్లు మన పెండ్లి బ్యాండ్లలో ఉన్నారు.

తర్వాత వేళ్లు. ట్రంపెట్‌కు మూడు వాల్వులే, అంటే వేళ్లతో నొక్కే మీటలు. కొన్ని స్వరాలు ఏ వాల్వూ నొక్కకుండా పెదవి బిగువుతోనే మారతాయి. శంకరాభరణం రాగం మెట్ల మీద చెప్పాలంటే (అంకెలు నొక్కే వాల్వులవి, ఖాళీ అంటే ఏదీ నొక్కనిది): స ఖాళీ, రి ఒకటి-మూడు, గ ఒకటి-రెండు, మ ఒకటి, ప ఖాళీ, ద ఒకటి-రెండు, ని రెండు, పై స మళ్లీ ఖాళీ. అంటే స నుంచి పకు, ప నుంచి పై సకు పోయేటప్పుడు వేళ్లు అసలు కదలవు, కదిలేది పెదవే. నటుడు ప్రతి స్వరానికీ మూడు వేళ్లూ టకటకలాడిస్తున్నాడంటే ఎవరూ నేర్పలేదన్నమాట. ట్రాంబోన్‌లో స్లైడుకు, అంటే ముందుకూ వెనక్కూ జరిపే గొట్టానికి, ఏడు స్థానాలుంటాయి. చేయి ఒక్కో స్థానం దగ్గర ఆగాలి. ఆగకుండా ముందుకూ వెనక్కూ లాగుతూనే ఉంటే వచ్చేది జారుడు శబ్దం తప్ప పాట కాదు.

ఏ చేయి ఎక్కడుందో చూడటం ఇంకా తేలిక. ట్రంపెట్ వాల్వులు నొక్కేది కుడిచేయి, బరువు మోసేది ఎడమచేయి. క్లారినెట్, శాక్సాఫోన్ మీద ఎడమచేయి పైన, కుడిచేయి కింద. బ్యాండంతా తారుమారుగా పట్టుకుని కనబడితే తప్పు వాయించేవాళ్లది కాకపోవచ్చు, ఎడిటింగులో ఆ షాట్‌ను అద్దంలోలాగా తిప్పేసి ఉంటారు.

సైడ్ డ్రమ్ము భుజం పట్టీ మీద వేలాడితే కాస్త పక్కకు వంగి ఉంటుంది. అందుకే ఎడమచేతి పుల్లను అరచేయి పైకి పెట్టి, బొటనవేలి సందులో పట్టుకునే పద్ధతి పుట్టింది. డ్రమ్ము సమతలంగా ఉంటే రెండు చేతులూ ఒకే తీరుగా పట్టుకోవచ్చు. బాగా వంగిన డ్రమ్ము మీద రెండు పుల్లలూ ఒకే తీరుగా పట్టుకుని వేగంగా వాయిస్తున్నట్టు చూపిస్తే అనుమానించండి, ఎడమ మణికట్టుకు అది కష్టం.

కాలు

ఇక్కడ సినిమాలు ఎక్కువగా చేసే పొరపాటు రెండు రకాల బ్యాండ్లను కలిపేయడం. ఆగస్టు 15, జనవరి 26 పరేడ్లలో కనబడేది కవాతు బ్యాండు. నిమిషానికి దాదాపు 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు, అంటే నిమిషంలో సుమారు 90 మీటర్లు నడుస్తారు. పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమకాలి మీద పడాలి. మొదలుపెట్టేటప్పుడు డ్రమ్ముల మీద రెండు రోల్స్ (ఆగకుండా గడగడలాడే దెబ్బలు) వస్తాయి, ఆ తర్వాతే పాట. కుడికాలు నేల తాకినప్పుడల్లా పెద్ద డ్రమ్ము బలంగా మోగుతుంటే దృశ్యాన్నీ పాటనూ కుదరకుండా అతికించారని అర్థం. జాతీయ గీతమైతే బ్యాండు నడవదు. సావధానంగా నిలబడే వాయిస్తుంది, పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. ఆ 52 సెకన్లలో వెనక జనం తిరుగుతూ కనబడితే సన్నివేశం మొత్తం చెడిపోతుంది.

పెండ్లి బ్యాండుకు ఆ లెక్క లేదు. పది అడుగులు నడుస్తుంది, చిందులేసేవాళ్లు ఆపితే ఆగుతుంది. ఆగినప్పుడు ఊదేవాళ్లు పెండ్లికొడుకు బండి వైపో, ఆడేవాళ్ల వైపో తిరిగి అర్ధచంద్రంగా నిలబడతారు. సినిమాల్లో మాత్రం పెండ్లి బ్యాండును కూడా పోలీసు కవాతులాగా నాలుగు వరుసల్లో నడిపిస్తారు. చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ మెరవణి అలా నడవదు. ఇంకో సంగతి: ఊదుతూ గెంతడం కుదరదు. మౌత్‌పీస్ పెదవి మీదుండగా గెంతితే లోహం పళ్లకు తగులుతుంది. అందుకే నడిచేటప్పుడు మోకాలు కాస్త వదులుగా పెట్టి, మడమ నుంచి మునివేళ్లకు మెత్తగా అడుగేస్తారు. డ్యాన్స్ చేసే ట్రంపెట్ వాద్యకారుడిని చూపించాలంటే వాయిద్యం పెదవి నుంచి దించి ఆడించండి, అప్పుడు డ్రమ్ములూ పలకలూ (తోలు వాయిద్యాలు) పాట మోస్తాయి. అసలు బ్యాండు కూడా అదే చేస్తుంది. పై స్వరాలు ఓ పావుగంట వాయిస్తే పెదవి అలసిపోతుంది, కాబట్టి తాళంవాళ్లకు వదిలి ఊదేవాళ్లు వంతులవారీగా ఆగుతారు. గంటసేపు ఒక్కడే తారస్థాయిలో ఊదే హీరో సినిమాల్లోనే ఉంటాడు.

బయటి సినిమాల మాట

అమెరికా కాలేజీ బ్యాండ్ల మీద వచ్చిన చిత్రాల్లో 2002 నాటి ‘డ్రమ్‌లైన్’ చాలామంది చూసిందే. హీరో గొప్పగా స్నేర్ (సైడ్ డ్రమ్ము) వాయిస్తాడు, సంగీతం చదవడం మాత్రం రాదు, ఆ సంగతి దాస్తాడు. మన పెండ్లి బ్యాండ్లలో చాలామంది విని నేర్చుకున్నవాళ్లే, కాబట్టి మనకది పెద్ద విషయంగా అనిపించదు. అక్కడ మాత్రం నిజంగానే ఇబ్బంది. మైదానంలో ఎవరు ఏ గీత దగ్గర ఏ అంకెకు (తాళపు లెక్కకు) ఉండాలో అన్నీ పాటలోని కొలతలతో ముడిపడి ఉంటాయి. ఐదు గజాలకు ఎనిమిది అడుగులు, అంటే అడుగుకు 22.5 అంగుళాలు, అక్కడ బాగా వాడే కొలత. ఎండలో నిలబడి ఒకే ఎనిమిది అంకెలను పదే పదే నడవడమే వాళ్ల రోజులో ఎక్కువ భాగం. సినిమాలు దాన్ని ఒక పాట ముక్కలో తేల్చేసి, రెండు డ్రమ్ము జట్ల పోటీకి మాత్రం నిమిషాలకు నిమిషాలు ఇస్తాయి.

అవి చూపించని ఇంకో కష్టం ధ్వని ఆలస్యం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ముందు వరుసకూ వెనక వరుసకూ 34 మీటర్ల దూరముంటే పదో వంతు సెకను తేడా. నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేదే అర సెకను, అంటే అందులో ఐదో వంతు పోయినట్టే. అందుకే మైదానంలో దూరంగా ఉన్నవాళ్లు చెవిని పక్కనపెట్టి, నడిపించేవాడి చేతిని చూసి వాయిస్తారు. కళ్లు మూసుకుని తన్మయంగా ఊదే సభ్యుడు కనబడితే అది అబద్ధం.

మీరే తీసేటప్పుడు

అసలు బ్యాండునే పిలవండి. నటుడు ఒక్కడే అయితే అతన్ని రెండో వరుసలో, నిజమైన వాద్యకారుల మధ్య పెట్టండి. అతనికి రెండు వారాల ముందే పని మొదలవ్వాలి. తొలి మూడు రోజులు మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చి పెదవులు అదిరించడం నేర్పండి. తర్వాత రోజూ పావుగంట వాయిద్యాన్ని పైకెత్తి పట్టుకోవాలి, లేకపోతే షూటింగులో పది నిమిషాలకే మోచేతులు కిందికి జారతాయి. ఆపైన మీ పాటలో కనబడే ఒక్క వరుసకు వేళ్లు, చివరి నాలుగు రోజులు అదే వరుస నడుస్తూ. పాట మొత్తం నేర్పాలని చూడకండి.

పాట ముందే రికార్డు చేసి స్పీకర్లో వేస్తారు కదా, ఆ స్పీకర్ బ్యాండుకు పది మీటర్ల లోపే ఉండాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు. స్పీకర్ 14 మీటర్లు దూరమైతే శబ్దం అంత ఆలస్యంగా చేరుతుంది, పుల్ల దెబ్బ ఒక ఫ్రేము వెనకబడుతుంది. బ్యాండు నడుస్తుంటే స్పీకర్‌ను తోపుడు బండి మీద పెట్టి కూడా నడిపించండి. స్లో మోషన్‌లో దెబ్బ కుదరాలంటే 48 ఫ్రేములతో తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వేయాలి. ఆ వేగానికి వేళ్లు అందుకోలేవు, కాబట్టి పాదాలు, లేచే పుల్లలు, నీళ్ల కీ తెరవగానే ట్రంపెట్ నుంచి జారే చుక్కలు, ఇలాంటివే స్లోలో తీయండి. ఊపిరి తేమ లోపల నీరవుతుంది, పాటల మధ్య దాన్ని వదిలేయడం నిజమైన బ్యాండు అలవాటు. సినిమాల్లో దాన్ని చూపించేవాళ్లు తక్కువ, చూపిస్తే మీ సన్నివేశానికి ప్రాణం వస్తుంది.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో పెట్టిన ఇత్తడి మౌత్‌పీస్ పెదవిని కాలుస్తుంది, క్లారినెట్ రీడు (నోట్లో అదిరే పలచని పుల్ల) ఎండిపోయి వంకరపోతుంది, గాలి వేడెక్కి ఊదే వాయిద్యాల శ్రుతి పైకి పోతుంది. ఏసీ గదిలో రికార్డు చేసిన పాటతో మైదానంలో తీసిన శబ్దం కలిపితే తేడా వినబడేది ఇందుకే. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు తర్వాత పెట్టుకోండి. పది నిమిషాలు వాయించి వాయిద్యం వేడెక్కాకే, అదే చోట నిలబడి, శ్రుతి సరిచేసే స్లైడు కాస్త బయటికి లాగి శ్రుతి సరిచూసుకోమనండి. గాయకుడితో కలపాలంటే ఇంకో లెక్క ఉంది. ట్రంపెట్‌లో ఖాళీగా వచ్చే స ఆరున్నర శ్రుతిది (హార్మోనియం మీద బి ఫ్లాట్; ఒకటో శ్రుతి అంటే సి). ఒకటో శ్రుతిలో పాడేవాడి షడ్జానికి ట్రంపెట్‌వాళ్లు తమ రిని పట్టాలి. ఈ మాట బ్యాండు మాస్టరుకు ముందే చెప్పండి, షూటింగు రోజు చెబితే అరపూట పోతుంది.

పలకల జట్టు ఉంటే నిప్పు దగ్గరుండాలి. తోలు వదులైతే శబ్దం బొద్దుగా మారుతుంది, కాసేపటికోసారి మంటకు చూపించి బిగిస్తారు. కాచిన వెంటనే దగ్గరి షాట్లు తీసేయండి, దూరపు షాట్లు తర్వాతైనా ఫర్వాలేదు. కాచే దృశ్యం కూడా తీసుకోండి, ఈ సీమలో పలక తెలిసినవాళ్లెవరైనా ముందు దాన్నే వెతుకుతారు.

మాటలున్న సన్నివేశంలో డ్రమ్ము మీద మందపాటి గుడ్డ పరిచి కొట్టించండి, కెమెరా కిందినుంచి పెడితే గుడ్డ కనబడదు. తాళాల (సింబల్స్) అంచులు ఒకదానికొకటి తగలకుండా ఆపమనండి. జనరేటరును కనీసం 30 మీటర్ల దూరంలో గోడ చాటున పెట్టాలి. ఫోను మైకు పెద్ద డ్రమ్ము పక్కనుంటే శబ్దం పగిలిపోతుంది, పది మీటర్లు వెనక్కి పెట్టి కెమెరా లేకుండా రెండు మూడు నిమిషాలు బ్యాండును విడిగా రికార్డు చేసుకోండి.

పాత్ర రాసేటప్పుడు బ్యాండువాడిని తాగుబోతుగానో నవ్వులాటకో పెట్టడం మానండి. అతని పనిలోనే కావలసినంత కథ ఉంది: పెట్టె తెరిచి వాల్వులకు నూనె వేయడం, మౌత్‌పీస్ కడగడం, వరుడు తయారయ్యేదాకా కోటు బొత్తాలు విప్పకుండా కాచుకోవడం, ముహూర్తాలు లేని నెలల్లో వేరే పనికి పోవడం. షూటింగు తేదీ కూడా ఆ నెలల్లోనే పెట్టుకోండి. లగ్గాల రోజుల్లో మంచి బ్యాండు దొరకదు, దొరికినా సాయంత్రం నాలుగింటికే వెళ్లిపోవాలంటారు. ఆషాఢంలో తీరిగ్గా వస్తారు, ఎండ కూడా కొంత తగ్గుతుంది. రిహార్సల్ రోజుకూ కూలి లెక్క ముందే మాట్లాడుకోండి, జల్లు పడితే పలకల మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టాలు రెండు దగ్గర పెట్టుకోండి.