కంప్యూటర్ డ్రైవ్‌లో వీడియో డిస్కు తెరుచుకోకపోతే ఏం చేయాలి?

వీడియో డిస్కు డ్రైవ్‌లో కాసేపు తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, చివరకు తెరమీద రీడ్ ఎర్రర్ కనిపించగానే చాలామంది డిస్కును బయటకు తీసి చొక్కా అంచుతో గట్టిగా తుడుస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. లోపం డిస్కులో ఉందో, డ్రైవ్‌లో ఉందో, సాఫ్ట్‌వేర్‌లో ఉందో తేల్చుకోకుండా తుడిస్తే, బాగున్న డిస్కు మీద కూడా కొత్త గీతలు పడతాయి. డిస్కుకు పగులు ఉంటే మాత్రం దాన్ని మళ్లీ డ్రైవ్‌లో పెట్టనే కూడదు. ఆ వేగానికి అది లోపలే ముక్కలు కావచ్చు.

మొదట, బాగా ఆడుతుందని తెలిసిన మరో డిస్కును ఇదే డ్రైవ్‌లో, మొరాయిస్తున్న డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. రెండూ ఒకే రకం డిస్కులై ఉండాలి. సీడీని 780, డీవీడీని 650, బ్లూరేను 405 నానోమీటర్ల కాంతితో చదువుతారు కాబట్టి, సీడీలు చక్కగా చదివే డ్రైవ్‌లో డీవీడీలు చదివే లేజర్ మాత్రమే బలహీనపడి ఉండవచ్చు. డీవీడీ డ్రైవ్ బ్లూరే డిస్కును ఎలాగూ చదవలేదు.

ఏ డిస్కూ తెరుచుకోకపోతే కేబుల్ తీసి మళ్లీ బిగించండి. బయట అమర్చే యూఎస్‌బీ డ్రైవ్ అయితే హబ్ ద్వారా కాక నేరుగా కంప్యూటర్‌కే కలపండి. విద్యుత్తు చాలకపోయినా డిస్కు తిరగడం మొదలై ఆగిపోతుంది.

డిస్కులోని వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ కనిపిస్తూ సినిమా మాత్రం ఆడకపోతే, డిస్కు కొంతవరకైనా చదవబడుతున్నట్టే. విండోస్ 8 నుంచి డీవీడీ సినిమాలను ఆడించే సౌకర్యం విండోస్‌తో పాటు సహజంగా రావడం లేదు కాబట్టి, వీఎల్‌సీ వంటి ప్లేయర్‌తో ప్రయత్నించండి. రీజియన్ (డిస్కు ప్రపంచంలో ఏ ప్రాంతానికి ఉద్దేశించిందో తెలిపే సంకేతం) తేడా కూడా ఒక కారణం కావచ్చు. అయితే డ్రైవ్ రీజియన్‌ను సాధారణంగా 5 సార్లే మార్చుకోగలం, చివరిసారి ఎంచుకున్నదే స్థిరపడిపోతుంది కనుక ఆ సెట్టింగును ఊరికే మార్చి చూడకండి.

ఇక సినిమా ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతుంటే మరకనో గీతనో అనుమానించాలి. డిస్కును అంచుల దగ్గర పట్టుకుని, నూగు రాలని మెత్తటి బట్టను నీటితో కొద్దిగా తడిపి, మధ్య రంధ్రం నుంచి అంచువైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ ఎప్పుడూ తుడవకండి. డీవీడీ మీద సమాచారం సర్పిలాకారంలో, 32 కిలోబైట్ల భాగాలుగా, తప్పులను సరిదిద్దుకునే అదనపు సంకేతాలతో కలిసి ఉంటుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి సమాచారాన్నే చెరుపుతుంది కనుక డ్రైవ్ దాన్ని పూరించుకోగలదు. చుట్టు వెంబడే సాగిన గీత మాత్రం వరుసగా ఉన్న సమాచారాన్నంతా మింగేస్తుంది. టూత్‌పేస్టుతో రుద్దమనే సలహాను నేను సమర్థించలేను. ముఖ్యంగా బ్లూరేలో సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

గీతలేమీ లేకుండానే సినిమా సగంలో ఆగితే, అది 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కేమో చూడండి; ఒక పొర నుంచి రెండో పొరకు మారేచోట పాత డ్రైవ్‌లు తడబడతాయి.

ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కుల సంగతి వేరు. కామ్‌కార్డర్‌లో రికార్డు చేసి ఫైనలైజ్ చేయని (అంటే ఇతర పరికరాలు చదవగలిగేలా రికార్డింగును ముగించని) డిస్కు కంప్యూటర్‌కు ఖాళీగా కనిపించవచ్చు. అదే పరికరంలో తిరిగి పెట్టి ఫైనలైజ్ చేస్తే చాలు, పోయిందనుకున్న పెళ్లి వీడియో తిరిగి కనిపించవచ్చు. రాయదగిన డిస్కుల్లోని రంగు పొర ఎండకూ వేడికీ క్షీణిస్తుంది కాబట్టి, అటువంటి డిస్కు ఒక్కసారి తెరుచుకున్నా, ఆడించి చూసే ముందే దాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. మామూలు కాపీ మధ్యలో ఆగిపోతే డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామును వాడండి. అది తేలికగా వచ్చే భాగాలను ముందుగా తీసుకుని, మొండి భాగాలను తర్వాత మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ, ఏవి మిగిలాయో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ ఫైలును అలాగే ఉంచి డిస్కును మరో డ్రైవ్‌లోకి మార్చి కొనసాగిస్తే, మొదటి డ్రైవ్ వదిలేసిన భాగాల్లో కొన్నింటిని రెండోది చదవగలగవచ్చు.