కొత్త ఎలక్ట్రిక్ కారులో చెప్పిన ఫీచర్ రాకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

ఒక సౌకర్యానికి కావలసిన కెమెరాలు, సెన్సర్లు ముందే అమర్చి కారును అమ్మేసి, వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను తరువాత పంపడం ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలకు మామూలైపోయింది. టెస్లా 2014 అక్టోబరు నుంచి కెమెరా, రాడార్ ఉన్న కార్లను అమ్మి, లేన్‌లో స్టీరింగ్‌ను తానే పట్టి నడిపే సౌకర్యాన్ని 2015 అక్టోబరులో 7.0 వెర్షన్‌తో ఇచ్చింది. 2020లో ఐరోపాలో ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3ని ముందుగా తీసుకున్నవారికి, ఫోన్‌ను కారు స్క్రీన్‌కు కలిపే సౌకర్యంతో పాటు మరొకటి లేకుండానే కారు అందింది. కాబట్టి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కారు తీసుకున్నవారు “వచ్చే అప్‌డేట్‌ల వస్తది సార్” అన్న మాట విని ఇంటికి రావడంలో వింతేమీ లేదు. అయితే రాని ఫీచర్లన్నీ ఒకే కారణంతో ఆగవు. కొన్ని కంపెనీ సర్వర్ నుంచి బయలుదేరి మన కారులోని చిన్న అడ్డంకి దగ్గర ఆగిపోతాయి. కొన్నింటిని కంపెనీ ఇంకా విడుదలే చేయలేదు. మరికొన్ని మనం కొన్న వేరియంట్‌కు ఎప్పటికీ రావు. మనది వీటిలో ఏదో తేల్చుకోకుండా సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగితే డీజిల్ ఖర్చు లేకపోయినా రోజు మాత్రం పోతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

స్క్రీన్‌పై సెట్టింగ్స్‌లో కారు వివరాలు చూపే పేజీని తెరిచి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు కనిపించేలా ఫోటో తీసుకోవాలి. ఆర్సీలో చాసిస్ నంబరు, కారు తయారైన నెల ఉంటాయి. ఆ రెండూ రాసి పెట్టుకోవాలి. తరువాత, ఫీచర్ ఇస్తామన్న మాట ఎక్కడ ఉందో వెతకాలి. కంపెనీ ప్రకటనలోనో, బ్రోచర్‌లోనో, బుకింగ్ ఫారంలోనో అచ్చులో ఉన్న మాటకు విలువ ఉంటుంది. షోరూంలో నోటితో చెప్పిన మాటకు వాట్సాప్ సందేశమైనా తోడు లేకపోతే నిలబడడం కష్టం. బ్రోచర్‌లో ఫీచర్ పేరు పక్కన చుక్క గుర్తు (*) ఉందేమో చూసి, చివరి పేజీలో ఆవగింజంత అక్షరాల్లో ఆ గుర్తుకు ఇచ్చిన వివరణ చదవాలి. కొన్ని వేరియంట్లకే వర్తిస్తుందన్న సంగతి, ముందస్తు సమాచారం లేకుండా మార్చే హక్కు తమకు ఉందన్న షరతు సాధారణంగా అక్కడే ఉంటాయి.

సమస్య: అదే మోడల్ ఉన్న ఇతరులకు ఫీచర్ వచ్చింది, మనకు రాలేదు

ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. దీనికి కారణాలూ ఎక్కువే. కంపెనీలు అప్‌డేట్‌ను సాధారణంగా అన్ని కార్లకూ ఒకేరోజు వదలవు. మొదట కొద్ది కార్లకు పంపి, వాటిలో లోపాలేవీ బయటపడడం లేదని చూసుకున్నాక మిగిలినవాటికి విడతలుగా పంపుతాయి. మోటారును, బ్రేకులను నియంత్రించే సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి ఈ జాగ్రత్తను తప్పుపట్టలేము. విడుదల ప్రకటన వచ్చి మూడు నాలుగు వారాలు కాకముందే ఆందోళన అనవసరం.

ఆ గడువు దాటినా రాకపోతే వేరే కారణాలు చూడాలి. షోరూం యార్డులో నెలల తరబడి ఉన్న కారు పాత వెర్షన్‌తోనే చేతికి వస్తుంది. కొత్త ఫీచర్ ఉన్న అప్‌డేట్ ఎక్కాలంటే మధ్యలో ఉన్న వెర్షన్లు ముందుగా ఎక్కవలసి రావచ్చు, వాటిలో కొన్నింటిని సర్వీస్ సెంటర్‌లో మాత్రమే వేయగలిగేలా ఉండవచ్చు. ఆర్సీలో తయారైన నెలకూ డెలివరీ తేదీకీ మధ్య చాలా దూరం ఉంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకు లాప్‌టాప్ తగిలించి, స్క్రీన్‌తో పాటు లోపలి కంట్రోల్ యూనిట్లన్నింటి వెర్షన్లనూ చదవగలడు. మన స్క్రీన్‌పై కనిపించే నంబరు వాటిలో ఒకదానిది మాత్రమే కావచ్చు.

మరొక కారణం మన వైపు పనుల తీరులోనే ఉంది. డెలివరీ రోజు పూలదండ, కొబ్బరికాయ, నిమ్మకాయల హడావిడిలో షోరూం సిబ్బంది తమ ఫోన్‌తోనే కారు యాప్‌ను యాక్టివేట్ చేసి ఇచ్చేస్తుంటారు. అప్పుడు అప్‌డేట్‌కు అనుమతి కోరే సందేశం వారి నంబరుకు వెళ్తుంది. మనకు ఏమీ తెలియదు. యాప్‌లో ప్రధాన యజమానిగా ఎవరి నంబరు ఉందో చూసి, మనది కాకపోతే మార్పించుకోవాలి. కారును ఇంటర్నెట్‌కు కలపడానికి లోపలే అమర్చిన సిమ్‌కు (ఈ-సిమ్) యజమాని గుర్తింపు వివరాలు పూర్తయ్యాయో లేదో కూడా అప్పుడే అడగాలి.

సమస్య: అప్‌డేట్ కనిపిస్తోంది, డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతోంది

కారులోని ఈ-సిమ్‌కు మన ఫోన్ కంపెనీతో సంబంధం లేదు. ఇంట్లో మన ఫోన్‌కు సిగ్నల్ నిండుగా ఉన్నా, కారులోని సిమ్ వేరే కంపెనీది అయితే దానికి అందకపోవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన కారుకు, శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలో వెళ్తున్న కారుకు డౌన్‌లోడ్ ఆగిపోవడం సహజం. ఆరుబయట, సిగ్నల్ బాగున్న చోట కారు నిలిపి మళ్లీ ప్రయత్నించాలి.

వైఫై ద్వారా డౌన్‌లోడ్ చేసుకునే వీలున్న కారైతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. కారుకు హాట్‌స్పాట్ కనిపించకపోతే, ఫోన్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ప్రసారం చేస్తుండవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో దానిని 2.4 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలాసార్లు కలుస్తుంది. అప్‌డేట్ ఫైలు పెద్దది కాబట్టి రోజువారీ డేటా పరిమితి ఎంత మిగిలి ఉందో ముందే చూసుకోవడం మంచిది.

సమస్య: డౌన్‌లోడ్ పూర్తయింది, ఇన్‌స్టాల్ మొదలు కావడం లేదు

ఎలక్ట్రిక్ కారులో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. కారులోని కంప్యూటర్లకు కరెంటు ఇచ్చేది ఇదే. ఇన్‌స్టాల్ జరిగేటప్పుడు పెద్ద బ్యాటరీ సంబంధం తెగి ఉంటే భారమంతా దీని మీదే పడుతుంది కాబట్టి, దాని వోల్టేజీ తక్కువగా ఉంటే కారు ఇన్‌స్టాల్‌కు ఒప్పుకోదు. కారును వారాల తరబడి కదపకుండా ఉంచినా, తలుపులు తెరిచి స్క్రీన్ వేసి కూర్చున్నా ఇది దిగిపోతుంది. నల్లగొండ ఎండాకాలపు వేడికి ఈ బ్యాటరీ ఆయుష్షు కూడా త్వరగా తగ్గుతుంది.

కారును అరగంట నడిపి, ఆ తరువాత పార్కింగ్ గేరులో పెట్టి, తలుపులన్నీ మూసి, లాక్ చేసి ప్రయత్నించాలి. కొన్ని కార్లు చార్జింగ్ గన్ తగిలించి ఉంటే ఇన్‌స్టాల్ చేయవు, గన్ తీసేయాలి. పని జరుగుతున్నంతసేపు కారు కదలదు కాబట్టి నార్కట్‌పల్లి దగ్గర టీ తాగే విరామంలో దీనిని మొదలుపెట్టకూడదు. రాత్రి ఇంటి ముందు పెట్టి వదిలేయడం ఉత్తమం.

సమస్య: అప్‌డేట్ పూర్తయింది, ఫీచర్ మాత్రం లేదు, లేదా బూడిద రంగులో కనిపిస్తోంది

కొత్త ఫీచర్లు ఆపివేసిన స్థితిలో రావడం పరిపాటి. సెట్టింగ్స్‌లో ఆన్ చేసి, షరతులకు అంగీకారం తెలపాలి. ఇంటర్నెట్ ద్వారా నడిచే కనెక్టెడ్ సేవల ఉచిత కాలం ముగిసినా కొన్ని ఫీచర్లు ఆగిపోతాయి. ఇది యాప్‌లోనే తెలుస్తుంది.

లేన్ సహాయం, ముందున్న వాహనాన్ని బట్టి వేగం తగ్గించే సౌకర్యం వంటివి నొక్కినా పలకకపోతే కెమెరాను అనుమానించాలి. ఆ కెమెరా ముందు అద్దం వెనుక, వెనుకచూపు అద్దం దగ్గర ఉంటుంది. మిర్యాలగూడ నుంచి వాడపల్లి వైపు సిమెంటు లారీల వెనుక వెళ్లేవారికి రాయి ఎగిరి అద్దం పగలడం కొత్త కాదు. అద్దాన్ని బయట మార్పించి, కెమెరాకు కాలిబ్రేషన్ (దాని చూపును మళ్లీ సరిచేయడం) చేయించకపోతే, కారు ఆ ఫీచర్‌ను తానే నిలిపివేయవచ్చు. దీనికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మందు కాదు. కాలిబ్రేషన్ పరికరం ఉన్న సర్వీస్ సెంటర్‌కు వెళ్లవలసిందే. అద్దం మార్పించేటప్పుడే కాలిబ్రేషన్ ఖర్చును బీమా క్లెయిమ్‌లో చేర్చమని అడగడం తెలివైన పని.

సమస్య: ఫీచర్ వచ్చింది, చెప్పినట్టు పనిచేయడం లేదు

చార్జింగ్ వేగం పెంచే అప్‌డేట్ వచ్చాక కూడా 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు పాత వేగంతోనే చార్జ్ అవుతుంటే, తప్పు చార్జర్‌ది కావచ్చు. కారు 70 కిలోవాట్లు తీసుకోగలిగినా 30 కిలోవాట్ల చార్జర్ అంతకు మించి ఇవ్వదు. 60 కిలోవాట్ల చార్జర్‌కు రెండు గన్‌లు ఉండి, పక్కనే మరో కారు చార్జ్ అవుతుంటే శక్తి పంచుకోవలసి వస్తుంది. బ్యాటరీ 80 శాతం దాటాక వేగం తగ్గడం ఏ కారుకైనా ఉన్నదే. కాబట్టి పక్క గన్ ఖాళీగా ఉన్నప్పుడు, బ్యాటరీ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు పరీక్షించి, చార్జర్ స్క్రీన్‌పై కనిపించే కిలోవాట్ల అంకెను ఫోటో తీసుకుంటేనే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

అప్‌డేట్ తరువాత మిగిలిన కిలోమీటర్ల అంకె తగ్గినట్టు కనిపిస్తే, మన నడిపే తీరును బట్టి కారు వేసుకున్న లెక్క చెరిగిపోయి మళ్లీ మొదలై ఉండవచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే ఒకసారి 100 శాతం నింపాలి. ఈ రకం బ్యాటరీలో వోల్టేజీ చాలావరకు ఒకే తీరుగా ఉండడం వల్ల, నిండుగా నింపినప్పుడే కారుకు లెక్క సరిగ్గా తెలుస్తుంది.

తెలుగులో మాట్లాడే వాయిస్ అసిస్టెంట్ సంగతి వేరు. మాటను అర్థం చేసుకునే పని చాలావరకు కంపెనీ సర్వర్‌లో జరుగుతుంది కాబట్టి సిగ్నల్ లేని చోట అది మూగబోతుంది. సిగ్నల్ ఉన్నా “దేవరకొండ తొవ్వ చూపియ్యి” అంటే తడబడి, “దేవరకొండకు దారి చూపించు” అంటే పలకవచ్చు. ఇది మన కారులో మరమ్మతు చేయించగల లోపం కాదు. యాప్‌లోని అభిప్రాయ విభాగంలో ఆ వాక్యాన్ని యథాతథంగా పంపడం ఒక్కటే చేయగలిగేది.

సమస్య: ఎన్ని చేసినా ఫీచర్ రాదు

కారులో సెన్సరే లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ దానిని పుట్టించలేదు. మన చాసిస్ నంబరుకు ఈ ఫీచర్ వర్తిస్తుందా, వర్తిస్తే ఎప్పటిలోగా ఇస్తారు అని కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్‌లో అడగాలి. ఫోన్‌లో వచ్చే “త్వరలో” అన్న జవాబును లెక్కలోకి తీసుకోనక్కరలేదు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లిన ప్రతిసారీ ఫిర్యాదును జాబ్ కార్డులో రాయించి, దాని ప్రతి తెచ్చుకోవాలి.

జవాబు రాకపోయినా, వర్తించదన్న జవాబు ప్రకటనకు విరుద్ధంగా ఉన్నా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనను 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా నిర్వచించింది. ఆ చట్టం ప్రకారం షోరూం హైదరాబాద్‌లో ఉన్నా, మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన ధర 10 లక్షల నుంచి 20 లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలు. ఫిర్యాదులో కారు వెనక్కి తీసుకొమ్మని అడగడం కంటే, ఫలానా తేదీలోగా ఫీచర్ ఇవ్వాలని, ఇవ్వలేకపోతే ఆ ఫీచర్ ఉన్న వేరియంట్‌కూ లేని వేరియంట్‌కూ మధ్య ధర తేడాను తిరిగి చెల్లించాలని అడిగితే, కోరిక ఎంత మొత్తానికో బిల్లుల ఆధారంగానే చూపించవచ్చు.